రేడియేటరుకి గుగ్గిలం

కారు రేడియేటరుకి గుగ్గిలం పెట్టినవాణ్ణి నేను. తెలివితక్కువ పనులు అందరూ చేస్తారు. కానీ నీళ్ళు మరిగే డబ్బాకి, వేడి తగిలితే కరిగిపోయే మందు పూసి, ఆ పక్కనే నడుం మీద చేతులేసుకుని విజయం సాధించినవాడిలా నిలబడ్డ మనిషి టెక్కలి నుంచి సముద్రం దాకా నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఆ ఒక్క పూట నిర్వాకానికి మా దావీదు మావ నలభయ్యేళ్ళకి పైగా నేను నడిపే బండి ఎక్కలేదు. నా పెళ్ళికి బస్సులో వచ్చాడు. నేను మొదటి కారు కొన్నప్పుడు వీధిలోకొచ్చి, బానెట్టు ఎత్తించి, లోపలంతా వాసన చూసి, "బాగున్నాది" అని, చెప్పులేసుకుని బస్టాండుకి నడిచి వెళ్ళిపోయాడు. అమ్మకి తమ్ముడు, నాకు ప్రాణం. అయినా బండి విషయంలో మా మధ్య తలుపు వేసే ఉంది.

అలాంటి మనిషి పోయిన నెల ఒక పొద్దున్న ఫోను చేశాడు. ఎనభై దాటినా గొంతులో హారను పాడవలేదు.

"ఒరే అల్లుడా, ఆదివారం నీ కారు కాళీయేనా?"

"కాళీయే మావా."

"తోలీవోడున్నాడా?"

"ఉన్నాడు మావా. పాతోడే."

"సరే, ఎనిమిదింటికి రమ్మను ఆడ్ని" అని పెట్టేశాడు. నేను ఫోను పట్టుకుని వరండాలో రెండు రౌండ్లు కొట్టాను. "లాటరీ తగిలిందేటి?" అంది మా ఆవిడ. లాటరీ ఎవరికైనా తగులుతుంది. మా మావ నా బండెక్కడం ఎవరికి దక్కుతుంది! ఆదివారం వచ్చేదాకా నాకు మళ్ళీ ఇరవయ్యేళ్ళే. ఆ నాలుగు రోజులూ నేను మనసులో ఉన్నది టెక్కలిలో మా అమ్మమ్మ పెంకుటింట్లోనే.

ఆ ఇంట్లో పొద్దు పెట్రోలు వాసనతో తెల్లారేది. మావకి అప్పటికింకా పెళ్ళి కాలేదు. మందసలో ఎవరో పెద్దింటివాళ్ళు వదిలించుకున్న నల్ల కారొకటి కొని టాక్సీ తిప్పేవాడు. దాని వయసు మావకంటే పెద్దదని అమ్మమ్మ అనుమానం. ముందువైపు కింద ఎప్పుడూ చుక్క చుక్కగా నీరు కారుతూ ఉండేది కనక, "నా కోడలికి ముక్కు కారడం తగ్గలేదు" అనేది. అసలు ఆ వాహనానికి ఆ పేరు పెట్టినవాడు తెలుగువాడే అయ్యుంటాడని, కారేది కనకే కారు అన్నాడని నేను అప్పట్లో ఒక సిద్ధాంతం తయారుచేశాను. మావ నవ్వలేదు. కారడం మీద జోకులు కారు లేనివాళ్ళకే బావుంటాయి. అమ్మమ్మ ఒక చేత్తో గంజి వార్చుతూ, బైబిలు కీర్తన పైకి చదువుతూ, రెండో చేత్తో "కారుబిందె" నింపి గుమ్మం పక్కన పెట్టేది. ఆ ఇత్తడి బిందెలో నీరు ఎవరూ ముట్టకూడదు. మండుటెండలో వచ్చిన చుట్టానికైనా కుండలో నీరే. బిందె మాత్రం కోడలిది. మావ స్నానం చేసి, తల ఆరకుండానే బానెట్టు మీద అరచెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసి, అప్పుడు బిందె ఎత్తేవాడు. ప్రార్థన ముందు, నీరు తరవాత. వరస మారడం నేను చూడలేదు.

టెక్కలిలో మంచి మెకానిక్కులు లేక కాదు. పలాసలో ఒకాయన రెండుసార్లు అతికాడు కూడా. ఒక చోట అతికితే ఆ పక్కన కారేది. చివరికి మావ దాంతో ఒక ఒప్పందానికొచ్చాడు: "నువ్వు కారతావుండు, నాను నీరు పోత్తావుంటాను." దాంతో మావ బుర్రలో దారులన్నీ నూతుల లెక్కన మారిపోయాయి. మనం మైలురాళ్ళు చూసి దూరం చెబుతాం. ఆయన "అక్కడికి రెండు నూతులు" అనేవాడు. ఉద్దానం వైపు కిరాయి వస్తే మూడు నూతులు. పలాస దాటగానే ఒకటి, జీడితోటల మధ్య ఒకటి, వజ్రపుకొత్తూరు ముందు ఒకటి. ఆ తరవాత తీరం, అక్కడి నీరు ఉప్పన, ఇంజనుకి పొయ్యకూడదు. మూడింటిలోకీ రెండో నూతి నీరు అమృతమని ఆయన నమ్మకం. ఒక గుక్క నోట్లో పోసుకుని, పుక్కిలించి, "తీపి" అన్నాకే రేడియేటరులోకి. అక్కడ గురమ్మ అనే ఆవిడ ఉండేది. నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాలుస్తూ, దూరం నుంచి బండి చప్పుడు వినగానే చేద నూతిలోకి వదిలేది. మేం ఆగేసరికి నీరు గట్టు మీద ఉండేది. మావ ఆవిడకి టెక్కలి నుంచి చుట్టలు తెచ్చిచ్చేవాడు. 

ఎండాకాలం, పెళ్ళిళ్ళ రోజులు. నా చేతిలో లైసెన్సు పచ్చిగా ఉంది. మావ పక్కన కూర్చుంటే తప్ప స్టీరింగు ఇవ్వడు. నాకేమో కాలేజీ మీద లేని ధ్యాసంతా ఆ చక్రం మీదే. పాఠం వింటూ డెస్కు కింద గేర్లు మార్చేవాణ్ణి. డిగ్రీ అవగానే రెండో బండి కొని అది నాకిస్తానని మావ ఆశపెట్టాడు. కాకపోతే ఎప్పుడో ఒకసారి ఒంటరిగా తోలి చూపించాలి. ఆ ఎప్పుడో అనేది ఉన్నట్టుండి వచ్చింది. వజ్రపుకొత్తూరు దాటాక తీరంలో ఒక ఊళ్ళో పదకొండింటికి పెళ్ళి. పలాస నుంచి పాస్టరు అయ్యగారిని చర్చికి తీసుకెళ్ళాలి. తెల్లారేసరికి మావకి చలిజ్వరం. రెండు దుప్పట్లు కప్పుకుని, పళ్ళు టకటకలాడిస్తూ, తాళం నా చేతిలో పెట్టాడు. పెట్టి వెంటనే వదల్లేదు. తాళానికి ఆయనొక కొస, నేనొక కొస.

"మూడు నూతులు. మూడింటికాడా ఆగాలి. నీరు కావాల్సినా ఆగాలి, అక్కర్లేకపోనా ఆగాలి. దాని దాహం దానికి తెలీదురా, మనకే తెలాలి."

"అలాగే మావా."

"ఇది సరిగ్గా సేత్తే, ఆ రెండో బండి నీదే."

పలాసలో జీడిపప్పు బట్టీల పొగ ముక్కుకి తగులుతూండగా అయ్యగారు బండెక్కారు. భారీ మనిషి, ఇస్త్రీ కోటు ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంటే ముందు సీటు కిర్రుమని సాక్ష్యం చెప్పింది. ఇంక నా సంబరం ఏం చెప్పను! కిటికీలోంచి మోచెయ్యి బయటపెట్టాను. సైకిళ్ళ వాళ్ళకి అవసరం లేకపోయినా హారను కొట్టాను. మొదటి నూతి దగ్గర లారీ అడ్డంగా ఉంది. దిగి పక్కకి తియ్యమనాలి, ఆగలేదు. జీడితోటల్లోకి వచ్చేసరికి చెట్ల నీడలు బానెట్టు మీద చకచకా పరిగెడుతున్నాయి. మావ ఉంటే ముప్ఫై దాటని ముల్లు యాభై దగ్గర వణుకుతోంది. గురమ్మ అప్పటికే చేద పైకి తీసి, రెండు చేతులా పట్టుకుని రోడ్డంచున నిలబడింది. నేను రాజకీయ నాయకుడిలా చెయ్యి ఊపి దాటిపోయాను. అద్దంలో చూస్తే ఆవిడ ఇంకా చేద పట్టుకునే ఉంది.

"నాయనా, ఎక్కడో ఆగాలని మీ మావయ్య చెప్పినట్టున్నాడే" అన్నారు అయ్యగారు.

"టైమైపోతంది కదండి అయ్యగారూ."

మూడో నూతి ఎప్పుడు దాటిందో నేను చూడనే లేదు. సముద్రం గాలి మొహానికి కొట్టింది, అంతే.

చర్చి ఇంకా రెండు మూడు మైళ్ళుందనగా బానెట్టు అంచుల్లోంచి ఆవిరి లేచింది. ముందు అన్నం ఉడుకుతున్న వాసన, తరవాత అన్నం మాడుతున్న వాసన. చేపలోళ్ళ పేట పక్కన, ఇసక రోడ్డు మీద, బండి పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. బానెట్టు ఎత్తితే రేడియేటరు అడుగున ఎప్పుడూ చుక్క కారే చోట వేలు దూరేంత చీలిక. అయ్యగారు గడియారం చూసుకున్నారు. పది దాటింది. ఆయన లేకపోతే పెళ్ళి లేదు. పెళ్ళి ఆగితే నాకు రెండో బండి లేదు. అప్పుడు నాకు ఆ పెళ్ళికొడుక్కంటే ఎక్కువ ఆత్రం.

అక్కడికి నాలుగడుగుల్లో బోర్లించిన నావ దగ్గర అప్పన్న అనే ముసలాయన, పేటలో అందరికీ తాత, సందులు పూడ్చే పనిలో ఉన్నాడు. పొయ్యి మీద మూకుట్లో గుగ్గిలం, జీడిపిక్కల తొక్కల్లోంచి తీసిన నల్ల నూనె కలిసి కుతకుతలాడుతున్నాయి. కొబ్బరి పీచు అందులో ముంచి చెక్కల సందుల్లో ఉలితో కుక్కుతున్నాడు. పేటంతా వచ్చి బండి చుట్టూ చేరితే ఆయన తాపీగా, చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చీలిక చూసి, నావైపు జాలిగా చూశాడు.

"దీనికేటి బాబూ ఇంత బెంగ? సందు పడ్డాది, అంతే గదా."

"నీరు నిలవట్లేదు తాతా."

"అంత సముద్రం నీరు నావలోకి రాకుండా ఆపీ మందిది. డబ్బాడు నీరు బయిటికి పోకుండా ఆపలేదేటి?"

ఆ తర్కం ముందు నా డిగ్రీ చదువు చేతులు కట్టుకుని నిలబడింది. నాకు ఆయన మాటలో ఒక్క లోటూ కనపడలేదు. సముద్రం ఎప్పుడూ మరగదన్న చిన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. "బేగి కానీ తాతా!" అన్నాను. ఆయన పీచు కుక్కుతుంటే నేను వేడి పాకం చేత్తోనే పూసేశాను. "జీడినూనె బాబూ, సెయ్యి పొక్కుద్ది" అని ఎవరో అరుస్తున్నారు. నాకు వినే ఓపికేదీ! పేటలో ఆడవాళ్ళు తాగడానికి దూరం నుంచి మోసి తెచ్చుకున్న నీళ్ళు బిందెలతో తెచ్చి పోశారు. పోస్తే, ఆశ్చర్యం, చుక్క కారలేదు! జనం ఓహో అన్నారు. నేను నడుం మీద చేతులేసుకున్నది అప్పుడే. అయ్యగారు కూడా ఉత్సాహపడి బానెట్టు మీద చెయ్యి వేసి, "ప్రభువా, సముద్రాన్ని రెండు పాయలు చేసినవాడివి, ఈ పెట్టెలో నీళ్ళని మాత్రం పాయలు కానివ్వకు" అని ప్రార్థించారు. అప్పన్న తాత చేతులు జోడించి గంగమ్మకి దణ్ణం పెట్టాడు. అన్నివైపుల నుంచీ భద్రం చేసుకుని బయల్దేరాం.

ఒక మైలు బండి కొత్తపెళ్ళికూతురిలా నడిచింది. తరవాత అయ్యగారు ముక్కు ఎగబీల్చారు.

"నాయనా, ఎక్కడో పూజ జరుగుతున్నట్టుందే?"

పూజ మా బానెట్టు కిందే జరుగుతోంది. గుగ్గిలం కరిగి వేడి ఇంజను మీద పడి ధూపం లేచింది. తెల్లటి పొగ, గుమగుమలాడే పొగ, అద్దాల నిండా, సీట్ల నిండా. ఆగితే మళ్ళీ కదలదని నేను ఆపలేదు. తల కిటికీలోంచి బయటపెట్టి తోలాను. చర్చి ముందు పందిట్లో తెల్లచీర కట్టుకున్న పెళ్ళికూతురు, పాటలు పాడేవాళ్ళు, పెద్దలు అంతా వరసగా నిలబడి ఉంటే, జన్మలో అగరొత్తి వెలిగించని ఆ బాప్టిస్టుల మధ్యలోకి మా కారు అమ్మవారి ఊరేగింపులాగా ధూపం వేసుకుంటూ ప్రవేశించింది. సంఘపెద్ద అయిన పెళ్ళికూతురి తండ్రి గుడ్లు తేలేశాడు.

"ఏటిది! పాస్టరుగార్ని తెమ్మంటే ఈ పూజేటి?"

అయ్యగారు దగ్గుకుంటూ దిగి, కోటు దులుపుకుని, "ధూపం కాదయ్యా. మా డ్రైవరు పశ్చాత్తాపం" అన్నారు. పందిరి పందిరంతా నవ్వింది. పశ్చాత్తాపం అంటే పని అయ్యాక వెనక వచ్చే తాపమని తరవాత్తరవాత పిల్లలకి పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ బానెట్టే గుర్తొచ్చేది. నాది బండి ముందునుంచే వచ్చింది. పెళ్ళి సరిగ్గా పదకొండింటికే జరిగింది. బండి మాత్రం ఆ పందిట్లో ఇంజను తల పగిలి చచ్చింది. సాయంత్రానికి నా చేతులు పొక్కి, పొక్కులు బుడగలై, పెళ్ళిభోజనం ఎవరో పెద్దమ్మ ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

మర్నాడు మావ వచ్చాడు. జ్వరంతో, దుప్పటి కప్పుకుని, బస్సులో. దారిలో గురమ్మ దగ్గర దిగి మంచినీళ్ళు తాగి, ఇంకో బస్సెక్కి వచ్చాడని నాకు తెలీదు. ఇంజను చూశాడు, చల్లారి గట్టిపడ్డ గుగ్గిలం గోటితో గీకి చూశాడు, నా చేతులు చూశాడు. తిడతాడని నేను ఒళ్ళు బిగపట్టుకున్నాను. ఆయన మెల్లిగా అడిగాడు:

"నూతులకాడ ఆగినావేటి?"

"ఆగినాను మావా. మూడింటికాడా."

ఆయన నా మొహంకేసి చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ పొక్కుల్లాగే మండుతుంది.

"గురమ్మ సేద అట్టుకుని నిలబడి సూత్తానే ఉన్నాదటరా. నువ్వు సెయ్యి ఊపి ఎల్లిపోనావట." దుప్పటి భుజం మీదికి లాక్కున్నాడు. "గుగ్గిలం పెట్టినందుకు నానేటి అన్ను. ఆగలేదు మావా, తప్పయిపోనాదీ అనుంటే, రెండో బండి తాళం నీకే ఇచ్చీవోణ్ణి. నువ్వు తోలీ బండి నానింక ఎక్కను."

అంతే. అరవలేదు. లారీకి కట్టి బండిని పలాస లాగించుకెళ్ళాడు, బాగుచేయించాడు, ఇంకా చాలా ఏళ్ళు తిప్పాడు. రెండో బండి కొన్నాడు, దానికి వేరే డ్రైవరుని పెట్టాడు. నేను తెలుగు మాస్టారినయ్యాను. గుగ్గిలం కథ మాత్రం మావ ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పి నవ్వించేవాడు. నూతుల సంగతి ఒక్కరికీ చెప్పలేదు. నా పరువు తియ్యవలసినంత తీసి, మిగిలింది ఆయనే దాచిపెట్టాడు. ఆ దాచిపెట్టడమే నాకు బరువు.

ఆదివారం ఎనిమిదికి ఐదు నిమిషాలుండగానే హరిశ్చంద్రపురంలో ఆయన ఇప్పుడుంటున్న కూతురి ఇంటి ముందు ఆపాను. తీరంలో ఆ చర్చికే కొత్త కప్పు వేశారట, ఆరాధనకి పిలిచారు. ఆయన మోకాళ్ళు బస్సు మెట్లు ఎక్కనివ్వటం లేదు. మావ తెల్లచొక్కా వేసుకుని, కర్ర పట్టుకుని వచ్చి, ముందు తలుపు చూశాడు, వెనక తలుపు చూశాడు.

"ఎనకే కూకుంటాను. నీ తోలకం సూడక్కర్లేదు నాకు."

నలభయ్యేళ్ళ మాట కదా, ఒక్కసారిగా ముందు సీట్లోకి రాలేదు. తలుపు నేనే తీశాను. ఆయన కూర్చున్నాక ఆ తలుపు వేసిన చప్పుడు ఎంత ముద్దుగా ఉందని! నాలోపల బ్యాండుమేళం మోగుతోంది, పైకి మాత్రం కిరాయి డ్రైవరులా మొహం పెట్టాను. ఏసీ చల్లగా వస్తోంది. ఈ బండిలో నీరు పోసే పనే లేదు. ఆకుపచ్చటి మందేదో మూసిన గొట్టాల్లోనే తిరుగుతుంది, నేను దాన్ని కొన్నాక చూసిందే లేదు. రోడ్డు నున్నగా ఉంది. జీడితోటల మధ్య గురమ్మ నుయ్యి ఉన్నచోట సిమెంటు బిళ్ళ కప్పేసి ఉంది, పక్కన నీళ్ళ డబ్బాల ఆటో ఒకటి. ఇంటింటి గుమ్మంలో తెల్ల డబ్బాలు. మావ కిటికీ అద్దంలోంచి వాటినే చూస్తున్నాడు. ఉద్దానంలో కిడ్నీలు పాడై, వారానికి ఇన్నిసార్లని ఆసుపత్రికి తిరిగేవాళ్ళు ఆ దారి పొడుగునా ఉన్నారు. గురమ్మ కొడుకూ అలాగే పోయాడు. ఏం చేసిందో, నీరో మరోటో, నాకు తెలీదు, చెప్పేంతవాణ్ణీ కాను.

"ఇంజనుకి ఏ నీరు మంచిదో నోట్లో పోసుకుని మరీ సూసినాం. మనుసులు తాగీ నీరు ఎవుడు సూసినాడురా?" అన్నాడు మావ.

కొంత దూరం పోయాక, జవాబుకి బదులు, ఎన్నేళ్ళుగానో గొంతులో ఉన్నది బయటికొచ్చింది.

"ఆవేళ నేను ఆగలేదు మావా. తప్పయిపోయింది."

"ఇప్పుడా సెప్పడం? రోడ్డు సూడు ముందు."

కసిరాడు, కానీ అద్దంలో ఆయన మీసం కదిలింది. కాస్సేపటికి, "బానే తోల్తన్నావు. సెప్పుంటే అప్పుడే ఇచ్చీవోణ్ణి కదరా యెదవా" అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. నా కళ్ళు చెమర్చాయి. రోడ్డు చూడమన్నాడు కనక రోడ్డే చూశాను. అదిగో, అప్పుడు ఒక మలుపు వచ్చింది. వెనకనుంచి టప్‌మని చప్పుడు. అద్దం కిందికి తిప్పి చూద్దును కదా, మావ కుడికాలు మ్యాటు మీద బ్రేకు తొక్కుతోంది. లేని బ్రేకు. మరో మలుపు, మరో టప్. పైన మొహం మాత్రం ఆరాధనకెళ్ళే పెద్దమనిషిలా ప్రశాంతంగా ఉంది.

నలభయ్యేళ్ళు బస్సుల్లో తిరిగి నన్ను సాధించాడు కదా! అక్కణ్ణించి చర్చి దాకా వచ్చిన ప్రతి మలుపులోనూ, ప్రమాదమేమీ లేకుండా, మర్యాదకి లోటు రాకుండా, ఆయన తొక్కిన తరవాత కావాలనే ఒక్క అర క్షణం ఆగి బ్రేకు వేశాను.